అందింది అని నొక్కిందెవరు

కోల్డ్ స్టోరేజీలో ట్యాబ్లెట్లన్నీ కనెక్టయినట్టే అయి తెగిపోతున్నాయని, వాన కురుస్తున్న ఆ మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. బావంటే మా అక్క మొగుడు, ఆ కోల్డ్ స్టోరేజీ యజమాని. అక్క పోయి ఏడాది దాటింది. అక్కడ అడుగు పెట్టడం నాకిష్టం లేదు. అయినా వెళ్లాను. ఆ సర్వర్ రాసింది నేనే మరి.

చాలా చిన్న సర్వర్. ఏ గదిలోంచి ఎవరు మెసేజీ పంపినా ఆ క్షణమే ఆ ఆవరణలో ఉన్న మిగతా అందరి ట్యాబ్లెట్లకీ ఫోన్లకీ చేరవేస్తుంది. ఏదీ దాచుకోదు. చూసినవాళ్లు 'అందింది' అని నొక్కితే వాళ్ల పేరు అందరికీ కనబడుతుంది. ఆ మీట అక్క పట్టుబట్టి పెట్టించుకుంది. "మీ బావకి ఎన్నిసార్లు చెప్పినా వినలేదంటాడే. విన్నట్టు సాక్ష్యం ఉండాలి" అని నవ్వేది. బావ ఫోన్‌కి 'బావ' అని నేను పేరు కొడితే, నా ఫోన్‌కి 'చెల్లి' అని కొట్టింది అక్కే.

ఐదో గది తలుపు లోపలి పిడి విరిగిపోయి అక్క అందులో చిక్కుకుపోయిన రోజు సెలవు, పనివాళ్లెవరూ రాలేదు. నేనూ ఊళ్లో లేను. "నాకు ఒక్క మెసేజీ రాలేదు. మరదలి సర్వర్ చచ్చి కూర్చుంది" అన్నాడు బావ, నలుగురి ముందూ. అక్కని చంపింది నేనేనని ఏడాదిగా నమ్ముతూ బతుకుతున్నాను. అమ్మ ఇప్పటికీ నా మొహం చూసి మాట్లాడదు.

నడవా చివర బల్ల దగ్గర కూర్చున్నాను. బావ తడి గొడుగుతో పక్కనే నిలబడ్డాడు. తడిసిన అట్టపెట్టెల వాసన, మగ్గిన పళ్ల వాసన. గోడ అవతల కంప్రెసర్ల హోరు. అడ్రస్ సరిగ్గానే ఉంది. పోర్ట్ తెరిచే ఉంది. కేబుల్ మార్చి చూశాను. లాభం లేదు. ఏ ట్యాబ్లెట్ పేచీ పెడుతోందో తెలుసుకుందామని ఒక్కో గదిలోదీ ఆపేస్తూ వచ్చాను. అన్నీ ఆగిపోయాయి. అయినా మా ఇద్దరి ఫోన్లు కాక ఇంకో కనెక్షన్ మిగిలింది.

ఐదో గది.

"బావా, ఐదో గదిలో మళ్లీ ట్యాబ్లెట్ పెట్టావా?"

"లేదే. ఆ రోజే పీకేశాను. గదే వాడట్లేదు."

అప్పుడే కరెంటు పోయింది. కంప్రెసర్లు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో బావ గొడుగు నుంచి కారుతున్న నీటి చప్పుడొక్కటే... సర్వర్ మాత్రం ఇన్వర్టర్ మీద నడుస్తోంది. నా లాప్‌టాప్ తెర మీద ఒక వరుస పడింది.

ఐదో గది: తలుపు తియ్యండి.

దాని కింద ఇంకొకటి.

అందింది - బావ.

తల తిప్పి చూశాను. బావ ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో గొడుగు. ఫోన్ చొక్కా జేబులోనే ఉంది.

ఐదో గది: చలేస్తోందండీ. తియ్యండి.

అందింది - బావ.

"బావా..." తెర అతని వైపు తిప్పాను. "ఆ రోజు నీకు ఇవి వచ్చాయి కదూ?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. తర్వాత గుసగుసగా అన్నాడు. "పొద్దున్నే గొడవైంది. కాసేపు ఉండనీ, పొగరణుగుతుందనుకున్నా... కునుకు పట్టేసింది."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది నా బతుకు. ఏడాది పాటు ఈ మనిషి భుజం మీద తల పెట్టుకుని క్షమించమని ఏడ్చాను. తల నిమిరి ఓదార్చాడు కూడా! నా ఒళ్లు మండిపోయింది.

ఐదో గది: వస్తున్నారా?

"ఆపెయ్! దాన్నాపెయ్!" అన్నాడు బావ. సర్వర్ తీగ లాగేశాను.

ఐదో గది: వస్తున్నారా?

బావ గొడుగు పారేసి పరుగెత్తాడు. ఐదో గది తలుపు లాగి లోపలికెళ్లాడు. "ఇక్కడేం లేదు... గోడ ఖాళీ..." అన్న మాట వినబడింది. ఆ వెంటనే తలుపు మూసుకుంది. మెల్లగా, ఎవరో పసిపిల్లల్ని నిద్రపుచ్చి వేసినట్టు.

బావ: మరదలా, తలుపు తియ్యి.

కదలాలనిపించలేదు. నిజం చెబుతున్నాను. కాసేపు ఉండనీ అనిపించింది. ఒక్క క్షణమే... ఆ తర్వాత లాప్‌టాప్ పట్టుకుని పరుగెత్తాను. దాన్ని నేల మీద పెట్టి, రెండు చేతులతో గడియ పట్టి లాగాను. రాలేదు. కరెంటు లేదు, అయినా గడియ మీద మంచు పేరుకుంటోంది. లోపల్నుంచి దబదబ బాదుతున్నాడు.

"అక్కా... వదిలెయ్యవే... నీకు దండం పెడతాను..."

కాళ్ల దగ్గర తెర వెలిగింది.

అందింది - చెల్లి.

నా ఫోన్ నడవా చివర బల్ల మీదే ఉంది. నా రెండు చేతులూ గడియ మీదే ఉన్నాయి.

"నేను నొక్కలేదు బావా! లాగుతున్నాను!" అని అరిచాను.

బాదడం నెమ్మదించింది.

బావ: చూశావుగా. తియ్యవే...

అందింది - చెల్లి.