గాలి రావాలె

సలోమి ముఖాన్ని నేను మొదటిసారి చూసినప్పుడు ఆ ముఖం నిండా మట్టి ఉంది. ఆ మట్టి కొట్టింది నేనే.

తప్పు నాది కాదు, ముందే చెబుతున్నాను. నేను సుతారిని. గోడలు కట్టడం, కట్టిన గోడకు మట్టి మెత్తడం నా పని. ఆ రోజు మా ఇంటి వెనుక గది గోడలో జానెడు సందు ఒకటి ఉంటే, దాన్ని పూడ్చమని అవ్వ, అంటే మా అమ్మ, చెప్పింది. నేను లోపలి నుంచి తడిమట్టి ముద్ద తీసుకుని ఒక్క దెబ్బ కొట్టాను. సరిగ్గా అప్పుడే బయటి నుంచి ఒక పిల్ల ఆ సందులోకి తొంగి చూస్తుందని నేనేమైనా కలగన్నానా?

"అవ్వో!" అని కేక వినబడింది.

ఉరికి వెళ్ళి చూస్తే తెల్ల చీర, భుజాన సంచి, ముఖం నిండా మట్టి. ఆ మట్టి మధ్యలోంచి రెండు కళ్ళు నన్ను నమిలి మింగేటట్టు చూస్తున్నాయి.

"కండ్లు కనవడయా నీకు?" అంది.

"నేను గోడను చూస్తున్న."

"గోడకు ముక్కు ఉంటదా? చెవులుంటయా?"

"అందుకే గద, గోడనే అనుకున్న. ముక్కున్నదని కొట్టినంక తెలిసింది."

ఆమెకు నవ్వు రాబోయింది. రానివ్వలేదు. నేను చెంబుతో నీళ్ళు తెచ్చిస్తే కడుక్కుంది. మట్టి పోయాక ముఖం ఎలా ఉందని నన్నడగకండి. చెంబు తిరిగి తీసుకోవడం కూడా మరిచి నిలబడ్డాను.

లక్సెట్టిపేట సర్కారు దవాఖానకు కొత్తగా వచ్చిన నర్సమ్మ ఆమె. పేరు సలోమి. కడుపుతో ఉన్నవాళ్ళ ఇళ్ళకు పోయి, కాన్పు గది ఎట్లుండాలో చెప్పి రావడం ఆమె డ్యూటీ. మా అక్క సాయవ్వకు అప్పుడు ఎనిమిదో నెల. మా బావ అహరోను మందమర్రి బొగ్గుబాయిలో పని చేస్తాడు. మొదటి కాన్పుకు వచ్చినట్టే అక్క రెండో కాన్పుకూ మా ఇంటికే వచ్చింది.

ఆ మొదటి కాన్పు సంగతి చెప్పాలి. రెండేళ్ళ కిందట అదే గదిలో అక్కకు కొడుకు పుట్టాడు. ఏడో రోజున దవడలు బిగుసుకుని, పాలు పట్టక, ఏడవడానికి కూడా నోరు రాక చనిపోయాడు. ఇంకా పేరు కూడా పెట్టలేదు. గోడ సందులోంచి గాలి వచ్చి సోకిందని మా అవ్వ మగ్దలేనమ్మ నమ్మకం. మా తాతల నుంచీ మేము మెథడిస్టు సంఘం వాళ్ళం. ఆదివారం ప్రార్థనలో మా అవ్వది ముందు వరుస. అయినా గాలికి భయపడేది. మా దిక్కు గాలంటే వీచేదే కాదు, మనుషులను పట్టేది కూడా.

ఈ ముచ్చట సలోమికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఏమీ తెలియకుండానే లోపలికి వచ్చి చూసింది. వడ్ల గుమ్మి, మిరపకాయల సంచులు, మూలకు మేకపిల్లలు, పట్టపగలే చీకటి. వెనక్కి తిరిగి మా అవ్వతో గట్టిగా అంది.

"అవ్వా, గీ అర్రల గాలి రావాలె. మంచిగ గాలి రావాలె!"

అవ్వ చేతిలోని చాట కింద పడింది.

"ఏమన్నవ్?"

"గాలి రావాలె అంటున్న. తల్లికి గాలి తాకాలె, బిడ్డకు గాలి తాకాలె."

"మూతి మీద మట్టి పడ్డదని నా బిడ్డను శపిస్తున్నవా? ఒకసారి గాలి వచ్చి తిన్నది సాలదా? నడువ్! నా ఇంట్ల కాలు పెట్టకు!"

సలోమికి ఒక్క ముక్క అర్థం కాలేదు. తెల్లబోయి, సంచి కూడా మరిచిపోయి వెళ్ళిపోయింది.

సంచి పట్టుకుని నేను వెనక ఉరికాను. సంచి ఇవ్వడానికే ఉరికానని అప్పుడు అనుకున్నాను. సగం దారిలో వాన పట్టుకుంది. మక్కచేను పక్కన మంచె కింద ఇద్దరం నిలబడ్డాం. మంచె చిన్నది, వాన పెద్దది. నాకైతే ఏ ఇబ్బందీ లేదు.

"మీ అవ్వకు నేనేం పాపం జేసిన?" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

గాలి సంగతి చెప్పాను. విన్నది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆపుకోలేక నవ్వింది.

"అయ్యో దేవా! నేను మీ అక్కకు దయ్యం పట్టాలె అన్ననా? ముఖం మీద చీపురు తిరగెయ్యలే, నయం!"

"చీపురు వాకిట్ల ఉండె. అందలే."

మళ్ళీ నవ్వింది. అంతలోనే నవ్వు ఆపి, ఆ పిల్లగాడు ఎట్లా పోయాడో అడిగింది. చెప్పాను. బొడ్డు దేంతో కోశారని అడిగింది.

"కొడవలితోని. మీద బూడిద పెట్టిండ్రు."

"ఏ కొడవలి?"

"గడ్డి కోసేది. నేనే తెచ్చిచ్చిన."

ఆమె మెల్లగా చెప్పింది. గాలీ కాదు, దయ్యమూ కాదు. కొడవలికి అంటుకున్న మట్టిలో, పేడలో ఉండే విషమది. దాన్ని ధనుర్వాతం అంటారట. బ్లేడు మరగబెట్టి కోస్తే రాదట. కొడవలి తెచ్చిచ్చిన నా చెయ్యిని వానలోకి చాపి కడుక్కున్నాను.

"కోసిందెవరు?" అంది.

"మా అవ్వ."

"అయితే అవ్వకు ఈ మాట చెప్పకు."

"నిన్ను ఎల్లగొట్టింది గదా. చెప్తె తప్పు తెలుస్తది."

"తెలిసి ఏంజేస్తది? పోయినోడు వస్తడా? పుట్టేటోన్ని ఎత్తుకునేతందుకు సుత భయపడ్తది. నన్ను తిడితె తిట్టనీ. గీసారి నేను దగ్గరుండి చూసుకుంట. ఎట్లనన్న జేసి నన్ను మల్ల ఇంట్లకు రానీయి."

కళ్ళు చూసి, నవ్వు చూసి పడిపోయానని మావాళ్ళు ఏడిపిస్తారు. నేను పడిపోయింది ఆ మాటకు. తనను వాకిట్లోంచి వెళ్ళగొట్టిన మనిషి మనసు నొచ్చుకోకూడదని చూసుకునే పిల్లను నేను అంతకుముందు చూడలేదు.

ఇంటికి వచ్చి రెండు రోజులు అవ్వను బతిమాలాను. నా మాట విననే లేదు. చివరికి అక్కే అడ్డం తిరిగింది.

"నర్సమ్మ రాకుంటె నేను మందమర్రికి పోత. గీ చీకటర్రల మల్ల పండుకోను అవ్వా. నాకు పానం ఆగుతలేదు."

అవ్వ ఒప్పుకుంది. నర్సమ్మ రావచ్చు, ఏం కావాలంటే అది చేయవచ్చు. కాని గాలి అనే ఆ గలీజు మాట మాత్రం ఇంట్లో ఎత్తకూడదు.

ఇక చూడాలి సలోమి అవస్థ. అవ్వ ముందు కూర్చుని నచ్చజెబుతుంది.

"మా బాపు సుత బొగ్గుబాయిల పని చేస్తడు అవ్వా. బాయిల ఫస్టు చూసేది అదే. అది ఆడకుంటె ఎంత పైల్వానైనా పడిపోతడు."

"అదంటె ఏంది?"

సలోమి మాట మింగి నా దిక్కు చూసింది.

"ఊపిరి," అన్నాను నేను.

"ఆఁ, ఊపిరి! ఇంటికి సుత ఊపిరాడాలె గద. కిటికీ పెడితె ఇల్లు ఊపిరి తీసుకుంటది."

"ఊపిరైతె మంచిదే," అంది అవ్వ. "పెట్టురా మోషే."

గడ్డపారతో గోడ తొలిచాను. గుమ్మిని ముందు గదిలోకి జరిపాను. మేకపిల్లలను కొట్టంలోకి తోలాను. నులకమంచం మీద మరిగే నీళ్ళు పోస్తే నల్లులు బయటపడ్డాయి. గదికి రెండుసార్లు సున్నం వేశాను. పుట్టకముందే బిడ్డకు కొత్తబట్టలు కుట్టకూడదని అవ్వ పట్టు పట్టింది. సలోమి కాదనలేదు. అవ్వ పాత చీరలే చింపించి, ఉడకబెట్టి, ఎండకు ఆరేయించింది. గాలి సోకకుండా మంచం కింద కొడవలి పెట్టాల్సిందేనని అవ్వ అంటే, "పెట్టుకో అవ్వా, మంచం కింద ఉంటె నాకేం తక్లీఫ్ లేదు, మీదికి రావద్దంతే," అంది.

వారానికి రెండుసార్లు వచ్చేది. ఆమె లోపల అక్కను చూస్తుంటే నేను బయట కిటికీకి పూత పూసేవాణ్ణి.

"ఒక్క కిటికీకి ఇన్ని దినాలా?" అంది ఒకనాడు లోపలి నుంచి. "మందమర్రిల క్వార్టర్లు గట్టే సుతారివంట. గిట్లనే గడితె కార్మికులు ముసలోళ్ళయితరు."

"గోడ ఆరాలె గద."

"మొన్ననే ఆరింది."

"వాన పడె, మల్ల తడిసింది."

"నిన్నంత ఎండ కొట్టె!"

మంచం మీద అక్క నవ్వు ఆపుకోలేక మూలిగింది. "అవ్వో! మీరిద్దరు నన్ను నవ్వించి ఇప్పుడే కాన్పు చేపిస్తరు!"

పెళ్ళి మాట అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. అదీగాక అక్క కాన్పు ఏమవుతుందోనన్న గుబులు గుండెల్లో ఉండగా నా సంగతి చెప్పుకోవడానికి సిగ్గేసింది. ఆ బిడ్డ కూడా పోతే అక్క బతకదని నాకు తెలుసు. అవ్వ కూడా బతకదు.

ఒక ఆదివారం తెల్లవారాక నొప్పులు మొదలయ్యాయి. ముసురు పట్టింది. "ఉరుకు! నర్సమ్మను తోల్కరా!" అని నన్ను తరిమింది ఎవరనుకున్నారు? మా అవ్వే.

మోకాళ్ళ దాకా బురదతో సలోమి వచ్చింది. వస్తూనే చేతులు కడుక్కుని, కొత్త బ్లేడును గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టింది. అవ్వ పొయ్యి దగ్గర నిలబడి ఆ గిన్నెలోకే చూస్తోంది.

"బ్లేడును ఎందుకు బిడ్డా ఉడకవెట్టుడు?"

"మా దవాఖాన పద్ధతి అవ్వా."

"ఉడకవెట్టకపోతె?"

"అట్లాంటిదేం లేదు. పద్ధతి అంతే," అంది సలోమి, తల ఎత్తకుండా.

అవ్వ పొయ్యిలోకి ఇంకో కట్టె ఎగదోసింది. పొద్దు నడినెత్తికి రాకముందే ఆడపిల్ల పుట్టింది.

ఆ తర్వాత మేము రోజులు లెక్కపెట్టాం. సలోమి రోజూ వచ్చి బొడ్డు చూసి పోయేది. బావ సెలవు పెట్టి వచ్చాడు. ఏడో రోజు ఎవరమూ అన్నం ముట్టలేదు. అవ్వ పాపను దించకుండా ఒడిలోనే పెట్టుకుని, ఆ చిన్న దవడను మాటిమాటికీ వేలితో తాకి చూసింది. సాయంత్రం పాప ఆకలేసి, ఇల్లెగిరిపోయేటట్టు గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని మేమంతా నవ్వాం. బావ గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

ఎనిమిదో రోజు పొద్దున సలోమి వచ్చి చూసి, "ఇగ ఫికర్ లేదు. నా డ్యూటీ ఐపోయింది," అని సంచి సర్దుకుంది. అవ్వ లేచి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"నాకు తెలిసింది బిడ్డా."

"ఏంది అవ్వా?"

"నువ్వు బ్లేడు ఉడకవెట్టిన్నాడే తెలిసింది. పోయిన పిలగాన్ని గాలి తినలే. నా చెయ్యే తిన్నది." అవ్వ ఆమె చేతులను ఇంకా గట్టిగా పట్టుకుంది. "నీకు ముందునుంచి ఎరుకే. నిన్ను కుక్కను ఎల్లగొట్టినట్టు ఎల్లగొట్టిన. అయినా నా మొకాన ఒక్క మాట అనకపోతివి."

మంచం మీద అక్క లేచి కూర్చుంది. "నా దగ్గరికి రా అవ్వా," అని చెయ్యి చాపింది. అవ్వ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంటే, అక్క పాపను తీసి అవ్వ ఒడిలోనే పెట్టింది. సలోమి గుమ్మం పట్టుకుని ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు?

కాసేపటికి అవ్వ ముక్కు చీది, నా దిక్కు తిరిగి కసిరింది.

"ఏడుస్తవేందిరా? నెలరోజుల సంది ఒక్క కిటికీని రాసి రాసి నున్నగ జేసినవ్. పిల్ల సంచి వట్టుకొని పోతుంటె అడగవా?"

"ఏమని అడగాలె?"

"సుతారికి అది సుత నేనే చెప్పాల్నా?"

సలోమి ఏడుపులోనే నవ్వు దాచుకుంటోంది. నేను ఎన్నో రోజులు తయారు చేసుకున్న మాటలన్నీ ఒక్కసారే ఎగిరిపోయాయి.

"సలోమీ, మా ఇంట్లనే ఉంటవా?" అన్నాను. "డ్యూటీకి కాదు."

"ఇంత చిన్న మాటకు ఇన్ని దినాలా?" అంది. "మందమర్రికి పోయి మా బాపును అడుగు. కాదనడు. పోయిన వారమే ఉత్తరం రాసిన."

బావ చప్పట్లు కొట్టాడు. అక్క నన్ను చూసి నాలుక బయటపెట్టింది. అవ్వ అందరినీ మోకరించమంది. కొత్త కిటికీలోంచి వెలుతురు పాప కాళ్ళ మీద పడుతుంటే, మా అవ్వ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది.

"తండ్రీ, మనుమరాలినిచ్చినవ్, నీకు స్తోత్రం. కోడల్నిచ్చినవ్, నీకు స్తోత్రం. పోయిన పిలగాని సంగతి నువ్వు నన్ను మాఫ్ జేసినవో లేదో నాకెరుక లేదు. గీ పిల్ల మాత్రం నేను అడగకముందే జేసింది. నిన్ను నేను గీ పిల్లను చూసి నమ్ముతున్న. ఆమెన్."