ఎర్ర సిరా మీద కాగితం

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, బుర్ర లేక కాదు వరప్రసాదరావు పరీక్ష తప్పింది. విశాఖపట్నంలో డాక్టరీ చదువుతున్నాడు. పుస్తకంలో ఏ పేజీ అడిగినా గడగడా అప్పజెప్పేస్తాడు. మంచం మీద రోగిని చూపించి జబ్బేమిటో చెప్పమంటే మాత్రం నోరు పెగలదు. అలా రెండుసార్లు పోయింది. మూడోసారీ పోతే చదువుకి నీళ్ళొదులుకోవాల్సిందే.

అందుకని 1946 వేసవిలో సొంతూరు అనకాపల్లి వచ్చి, మిషను ఆసుపత్రి డాక్టరుగారిని బతిమాలి, అక్కడి కేసు పుస్తకాలు చదువుకోడానికి కూర్చున్నాడు. డాక్టరుగారు చెబుతుంటే నర్సు దీవెనమ్మ రాసిన పుస్తకాలవి. రోగి సంగతంతా నల్ల సిరాతో, చివర జబ్బు పేరు ఎర్ర సిరాతో ఉంటాయి.

మూడోనాడు దీవెనమ్మ వెనక నిలబడి చూసింది. ఈ మహానుభావుడు ముందు ఎర్ర సిరా చదివి, బుద్ధిగా తలూపి, పేజీ తిప్పేస్తున్నాడు. గంటలో నలభై కేసులు అవగొట్టాడు.

"ఏటి డాక్టరుగారూ, కతలు సివర్నించి సదువుతారా మీరు?"

వరప్రసాదరావుకి ఒళ్ళు మండింది. నర్సు దగ్గర పాఠాలు నేర్చుకునే గతి తనకి పట్టలేదని గొణిగాడు. ఆమె వాదించలేదు. మర్నాటికల్లా ప్రతి ఎర్ర సిరా మీదా ఒక చిన్న కాగితం గుండుసూదితో గుచ్చి ఉంది! ముందు తనేమనుకుంటున్నాడో, ఎందుకనుకుంటున్నాడో రాసుకోవాలట. ఆ తరవాతే కాగితం ఎత్తాలట. తప్పయితే ఎక్కడ దారి తప్పాడో అదీ రాయాలట.

మొదటి వారం పదింటికి తొమ్మిది తప్పులే. అందులో సత్తియ్య కేసొకటి. బెల్లం వండే పని, ఏటా చెరకు గానుగాడే రోజుల్లో అరచేతుల తోలు ఊడిపోతుంది. వరప్రసాదరావు నోరు తిరగని పేర్లు మూడు రాసి, దర్జాగా కాగితం ఎత్తాడు. సున్నం అని ఉంది. పొంగే చెరకు రసంలో సున్నం కలిపే మనిషి సత్తియ్య. ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే. ఇంగ్లీషులో రాసిన కేసు పుస్తకం చేతికొచ్చేసరికి మన డాక్టరు ‘బెల్లం వండే పని’ అన్న ముక్కని దాటేసి చదివాడు.

"అనకాపల్లి బెల్లం తిని పెరిగిన మనిషేనా మీరు?" అని దీవెనమ్మ పకపకా నవ్వింది.

కోపం రావలసింది, రాలేదు. అతనూ నవ్వేశాడు. ఆ రోజు నుంచి కేసులు నెమ్మదిగా చదవడం మొదలెట్టాడు, సగం చదువు కోసం, సగం ఆమె వచ్చి పక్కన నిలబడుతుందని. వానాకాలం వచ్చేసరికి పదింటికి ఏడు ఒప్పు. దీవెనమ్మ అంటే ప్రాణం. ఆ మాట మాత్రం పాసయ్యాకే చెప్పాలని ఒట్టు పెట్టుకున్నాడు. మూడోసారీ తప్పితే పిల్లనెవరిస్తారు?

పరీక్ష అయింది. ఫలితానికి ఇంకో వారం ఉంది. రైలు దిగి, వానలో తడుస్తూ తిన్నగా ఆసుపత్రికే వచ్చాడు. దీవెనమ్మ కట్టుగుడ్డలు చుడుతోంది. పక్కనే ఆమె తండ్రి, కాంపౌండరు సత్యరాజు, మందు నూరుతున్నాడు.

ఎలా అయిందని ఆమె కళ్ళతోనే అడిగింది.

"నాకు తోచింది చెప్పేను, ఎందుకో కూడా చెప్పేను. ఒప్పో తప్పో తెలీదు" అన్నాడు. "పాసయ్యేకే అడుగుదామనుకున్నాను గానీ ఆగలేకపోతున్నాను. దీవెనమ్మగారూ, నాకు మీరంటే చాలా ఇష్టం. మీరు సరేనంటే మీ నాన్నగారిని అడుగుతాను."

నూరుడు ఆగింది.

"ఫలితం తేలినాక అడగాల్సింది బాబూ" అన్నాడు సత్యరాజు మెత్తగా.

దీవెనమ్మ మొహం కందిపోయింది. చేతిలో గుడ్డ చుట్టడం మాత్రం ఆపలేదు.

"తేలకపోతే ఏటి నాన్నా? తప్పితే ఇద్దరం కూకుని మళ్ళీ సదువుకుంటాం."

సత్యరాజు కూతుర్ని చూశాడు, గుమ్మంలో నీళ్ళు కారుతూ నిలబడ్డ కుర్రాణ్ణి చూశాడు. తువ్వాలు తీసి అతని భుజం మీద వేసి, ముందు తల తుడుచుకోమన్నాడు, పెళ్ళి మాటకి పాస్టరుగారి దగ్గరికి వానలోనే వెళ్దామన్నాడు.