ఎడమ గీత మీది కణం

మెషినబ్బాయి ల్యాబులో అడుగుపెట్టిన రోజు వాన. గొడుగు దులిపాడు. ఆ నీళ్ళు లెక్కలమ్మాయి మైక్రోస్కోపు మీద పడ్డాయి.

"ఏమండీ, ఇది ల్యాబా, బస్టాండా?" అంది, కన్ను ఎత్తకుండానే.

"సారీ అండీ. మెషిను బిగించడానికి వచ్చాను."

"ఏం మెషిను?"

"వెన్నునీటిలో కణాలు లెక్కపెట్టేది."

అప్పుడు కన్ను ఎత్తింది. ఎత్తకపోతేనే బాగుండేదనిపించింది అతనికి.

ఆ పని ఆమెది మరి. జ్వరంతో మెడ బిగుసుకుపోయినవాళ్ళకి నడుములో సూది గుచ్చి వెన్నునీరు తీస్తారు. అందులో తెల్లకణాలు ఎక్కువుంటే మెదడు పొరలకి జబ్బేమోనని చూస్తారు. సన్నగీతల గడులున్న గాజుపలక మీద చుక్క వేసి, ఆమె కంటితో లెక్కపెడుతుంది. ఆలస్యమైతే కణాలు చితికిపోతాయి. అందుకని ఎప్పుడూ తొందరే. తొందరలో ఉన్న మనిషి ఇంత అందంగా ఉంటుందని మెషినబ్బాయి ఆ రోజే కనిపెట్టాడు. పైకి అనలేదు. ప్రాణం మీద తీపి.

పెద్ద డాక్టరమ్మ ఒక మాట చెప్పింది. కొన్నాళ్ళు ప్రతి శాంపిలూ ఇద్దరూ చూడాలి. రెండు లెక్కలూ కలిస్తే లెక్కలమ్మాయిని ఊరవతల బ్రాంచికి పంపేస్తారు. కలవకపోతే మెషిను వెనక్కి పోతుంది, దాని వెనకే అబ్బాయి.

కలిసినా విడిపోవడమే, కలవకపోయినా విడిపోవడమే. ఇద్దరి మధ్యా ఏమైనా ఉందని ఇద్దరికీ ఇంకా తెలీదు. అదొక్కటే సుఖం.

అతను మాటిమాటికీ ఆమె బల్ల దగ్గరికి వచ్చేవాడు.

"ఇది ఇంకోసారి చూస్తారా?"

"నా మీద నమ్మకం లేదా?"

"మెషిను మీద లేదండీ."

"మరి నా పక్కన నిలబడతారెందుకు?"

"నేర్చుకుందామని."

"సరే, చెప్పండి. కణం సరిగ్గా గడి గీత మీద పడింది. ఏం చేస్తారు?"

"సగం వేసుకుంటాను."

"అదేమన్నా రొట్టెముక్కా? పై గీతో, ఎడమ గీతో తాకితే మన లెక్కలోకి వస్తుంది. కింది గీతో, కుడి గీతో తాకితే రాదు. లేకపోతే ఒకదాన్నే రెండుసార్లు లెక్కేస్తాం."

"పాపం, కుడివైపుది ఏం తప్పు చేసింది?"

"దాన్ని పక్క గడిలో చూసుకుంటారు. మీరు బెంగపడకండి."

మధ్యాహ్నం లెక్కలమ్మాయికి వాళ్ళమ్మ ఫోను చేసేది.

"ఆ మెషినువాడు ఇవాళా వచ్చాడా?"

"వచ్చాడమ్మా. చంపుకుతింటున్నాడు."

"నవ్వుతూ చెప్తావేంటే?"

"నవ్వట్లేదు."

"నాకు వినపడుతోంది."

ఓ రోజు చిన్నపిల్ల శాంపిలు వచ్చింది. తేట నీరు. మెషిను ముప్పై కణాలంది. ఆమె రెండంది. ల్యాబులో రెండు తలల మైక్రోస్కోపు ఉంది, ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ ఒకే పలక చూడొచ్చు. కూర్చున్నారు. బల్ల కింద మోకాళ్ళు తగిలాయి. ఇద్దరూ సారీ అన్నారు. ఎవరూ జరగలేదు.

"అది కణమా?" అడిగింది.

చాలాసేపు చూశాడు. "దుమ్మండీ."

"మీ మెషిను లెక్కపెట్టింది ఇలాంటివాటినే."

మెషిను దుమ్ము తింటోందని చెప్తే అతను పెట్టె సర్దుకోవాలి. చెప్పకపోతే ఆమె సర్దుకోవాలి. మధ్యలో ఆ పిల్ల ఒకతి.

మర్నాడు డాక్టరమ్మ ఇద్దర్నీ పిలిచింది.

"తేట నీటిలో మెషినుది తప్పు మేడమ్," అన్నాడు అతను ముందే. "దుమ్మునీ లెక్కేస్తోంది. ఈవిడ లెక్కే కరెక్టు. ఈవిణ్ణి పంపకండి."

లెక్కలమ్మాయి అతని వంక చూసింది. తర్వాత గబగబా అంది, "చిక్కటి నీటిలో మెషినే నయం మేడమ్. వందల కణాలుంటే నాకు కళ్ళు లాగి లెక్క తప్పుతున్నాను. అది తప్పలేదు. దాన్ని పంపకండి."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది.

"వాడేమో మెషిన్ని తిడతాడు. నువ్వేమో నీ కళ్ళని తిట్టుకుంటావు. ఇది నేను పెట్టిన పరీక్ష కాదర్రా. తేటవి నువ్వు చూడు. చిక్కటివి మెషినుకి. అనుమానం వస్తే ఇద్దరూ కలిసి చూడండి. ఎవరూ ఎక్కడికీ పోవక్కర్లేదు, ముందు నా గదిలోంచి తప్ప."

ఆ సాయంత్రం అనుమానం ఏమీ రాలేదు. అయినా రెండు తలల మైక్రోస్కోపు దగ్గర ఇద్దరూ కూర్చున్నారు. బయట మళ్ళీ వాన.

"ఒక్క డౌటండీ," అన్నాడు. "నేను ఏ గీత మీదున్నాను?"

"కదలకండి. లెక్క తప్పుతుంది."

ఊపిరి బిగబట్టాడు.

"ఎడమ," అంది.

"మనం ఎదురెదురుగా ఉన్నాం. మీ ఎడమా, నా ఎడమా?"

అప్పుడు కన్ను ఎత్తింది. ఈసారి ఎత్తకపోతే బాగుండునని అతనికి అనిపించలేదు.

ఫోను మోగింది.

"వచ్చాడా?" అంది అమ్మ.

"వచ్చాడమ్మా," అంది లెక్కలమ్మాయి. "లెక్కలోకి."