గడప దగ్గరి ఎషు

గల్ఫ్‌లోని ఫుజైరాలో కొండ కిందనున్న ఆ విల్లాలో వంట నాది, పిల్లల పని ఫోలాకేది. నాది పెద్దాపురం, తనది నైజీరియా. మా మధ్య వచ్చీరాని హిందీయే వారధి.

పెళ్ళికని మస్కట్ వెళ్తూ మేడమ్ మమ్మల్ని లోపలే ఉంచి తాళం వేసింది. ఫోన్లు కూడా పట్టుకుపోయింది.

"ఏడవకు శాంతీ. ఎషు తెరుస్తాడు. రోడ్డెక్కితే చాలు, ఇక ఈ ఇల్లు ఖలాస్," అంది ఫోలాకే.

ఎషు అంటే వంటింటి తలుపు పక్కన నేలమీద తను పెట్టుకున్న నల్లరాయి. కళ్ళకు గవ్వలు. వాళ్ళ దేవుడు. దారులన్నీ ఆయనవేనట. మహా కొంటెవాడట. కుంటుతూ నడుస్తాడట, ఒకవైపు ఎరుపు, ఒకవైపు నలుపు ఉన్న టోపీ పెట్టి జనాన్ని ఏమారుస్తాడట. ముందు ఆయన మీద ఎర్ర పామాయిల్ పోశాకే తను మంచినీళ్ళు తాగేది.

మధ్యాహ్నం ఫోలాకే స్నానానికెళ్ళింది. కాళ్ళు తగిలేచోట దేవుడేంటని నా మనసొప్పలేదు. ఇద్దరాడాళ్ళను లోపలేసి తాళం పెట్టినందుకు మేడమ్‌కి ఏ తప్పూ అనిపించలేదు గానీ, దేవుడు నేలమీదున్నందుకు నాకు అనిపించింది! రాయిని కడిగి, పసుపు రాసి, పై అరలో మా మరిడమ్మ పటం పక్కన పెట్టాను.

ఫోలాకే వచ్చి చూసింది. మొహం పాలిపోయింది.

"గడప దగ్గర్నుంచి తీశావా?" గుసగుసగా అంది. "ఆయనక్కడ లేకపోతే, గడప దాటినా దారి..."

టక్కుమంది తాళం. తలుపు తెరుచుకుంది. తెల్లటి ఎండ, సముద్రపు ఉప్పువాసన.

"యల్లా, పద!" తను పరుగెత్తింది. వెనకే నేనూ గడప దాటాను.

కాలికింద చల్లటి టైల్స్. ఎదురుగా పొయ్యి, మరుగుతున్న చాయ్. మళ్ళీ వంటిల్లే.

వెనక్కి తిరిగి మళ్ళీ దాటాను. వంటిల్లు...

రాయిని కిందికి దించబోయాను. రెండు చేతులతో లాగినా కదల్లేదు. పామాయిల్ వాసన గుప్పుమంది.

"శాంతీ, రా!" బయట్నుంచి ఫోలాకే పిలుపు.

"వస్తున్నా అక్కా!"

అది నా గొంతే. కానీ నేను నోరు తెరవలేదు. ఆ మాట బయట్నుంచి వచ్చింది.

కిటికీ ఊచలు పట్టుకుని అరిచాను. ఫోలాకే గేటు దాటుతోంది. పక్కనున్నామె ఏదో చెబితే పకపకా నవ్వుతోంది. వెనక్కి చూడలేదు. ఎందుకు చూస్తుంది? నేను తన పక్కనే ఉన్నానుగా. నా పూల నైటీలోనే... కాస్త కుంటుతూ.

మలుపు దగ్గర ఆమె ఒక్కసారి ఆగింది.

నేనెప్పుడూ టోపీ పెట్టుకోను. ఆమె పెట్టుకుంది. నావైపు ఎర్రగా ఉంది. తల తిప్పితే, నల్లగా...