లోపలి గడియ

ఎల్.బి.నగర్. అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు. బుధవారం సాయంత్రం 7.10.

బాత్రూం నేల మీద శవం. కాంట్రాక్టర్ కోదండం, వయసు యాభై రెండు. చేతిలో బ్రష్. పక్కన సగం ఖాళీ అయిన వాటర్‌ప్రూఫ్ కోటింగ్ డబ్బా. పని దుమ్ము బయటికి పోకుండా వెంటిలేటర్‌ను ప్లాస్టిక్ షీటుతో మూసేశారు. థిన్నర్ ఘాటుకు ఇన్‌స్పెక్టర్ విజయదుర్గ కళ్లు మండాయి.

ఊపిరాడక చనిపోయాడని తెలుస్తూనే ఉంది. తలుపు లోపలి గడియ ఊడి నేల మీద పడి ఉంది.

"లోపల గడియ పెట్టుకున్నాడండీ," అన్నాడు ఇంటి ఓనర్ భానుమూర్తి. కాకినాడ మనిషి. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. "6.40కి పిలిస్తే పలకలేదు. సుత్తితో కొట్టి తెరిచాను. వాడి అజాగ్రత్తకి మేమేం చేస్తాం?"

మనిషి పోయినా 'వాడు' మాత్రం పోలేదు, చూడండి!

"మీకూ ఆయనకూ ఏమన్న గొడవలున్నయా సార్?" అంది విజయదుర్గ.

"లక్షా ఎనభై వేలు బాకీ అంటాడు. బాత్రూం నీళ్లు కింది ఫ్లాట్‌లోకి కారుతున్నాయి. లీకు ఆపకుండా రూపాయి ఇవ్వనన్నాను. తప్పా?"

కింది ఫ్లాట్ హరిప్రసాద్ పొద్దున ఆ లీకు గురించే కోదండం కాలర్ పట్టుకున్నాడు. కానీ మధ్యాహ్నం నుంచి తన బట్టల షాపులోనే ఉన్నాడు. సీసీ కెమెరా సాక్ష్యం. భానుమూర్తి భార్య ఇందిరాదేవి మూడింటికే దిల్‌సుఖ్‌నగర్‌కు కర్టెన్లు కొనడానికి వెళ్లి, ఏడింటికి వచ్చింది.

7.45కి కోదండం భార్య రాజమ్మ ఆటో దిగి పరుగున వచ్చింది. శవాన్ని చూసి గుండెలు బాదుకుంది.

"ఇరవై ఏండ్ల సంది గిదే పని మేడం! గా మందు పూసేటప్పుడు తలుపు బార్లా తెరిచి పెడ్తడు. గడియెట్ల పెట్టుకుంటడు? ఆయన తప్పేనని రాస్తే ఈ సారు పైసా ఇయ్యడు. కూలోళ్లంత నా ఇంటి మీదికొస్తరు."

"శవాన్ని అడ్డం పెట్టుకుని బేరాలా?" అన్నాడు భానుమూర్తి.

విజయదుర్గకు ఒళ్లు మండింది.

కోదండం ఫోన్ హాల్లో టీపాయ్ మీద దొరికింది. రాజమ్మ లాక్ తీసి ఇచ్చింది. వాట్సాప్ నిండా భానుమూర్తి పంపిన ఫోటోలే. టైల్ డొల్లగా మోగితే ఒక ఫోటో, నాలుగు వందలు కట్. స్విచ్ వంకరగా ఉంటే ఇంకో ఫోటో, రెండు వందలు కట్. మొత్తం నలభై మూడు.

విజయదుర్గ చివరి ఫోటో దగ్గర ఆగింది. గ్లవ్స్ తొడుక్కుని బాత్రూంలోకి వెళ్లి, ఊడిన గడియను తీసి చూసింది. తర్వాత అందరినీ హాల్లో కూర్చోబెట్టింది.

"సార్, ఇయ్యాల మధ్యాహ్నం 3.12కి మీరు పంపిన మెసేజ్ చదువుతున్న, వినున్రి. 'బాత్రూం లోపలి గడియకు పాలిష్ అంటుకుని బిగుసుకుపోయింది. కదలదు. ఆరు వందలు కట్.'"

భానుమూర్తి కళ్లజోడు సర్దుకున్నాడు. "తర్వాత బాగుచేసి ఉంటాడు."

విజయదుర్గ ఒక జత గ్లవ్స్ ఇచ్చి, గడియ అతని ముందు పెట్టింది. కడ్డీ వెనక్కి జరిగి, గడియ తీసి ఉన్న స్థితిలోనే అతుక్కుపోయి ఉంది.

"కదిలించున్రి."

భానుమూర్తి వేళ్లు నొప్పెట్టేలా లాగాడు. ఇసుమంతైనా కదల్లేదు.

"ఊడిందని అందరం చూసినం. కదుల్తదా అని ఎవ్వరం చూడలే. ఈ గడియ లోపల పడనే లేదు. మీరు బయట గడియ పెట్టిన్రు. మనిషి చచ్చినంక సుత్తితో దీన్ని ఊడగొట్టిన్రు."

"ఏమండీ!" ఇందిరాదేవి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"చంపాలని కాదండీ," అన్నాడు భానుమూర్తి. "ముందు ఇద్దరు కాంట్రాక్టర్లు పని సగంలో వదిలేసి పోయారు. కోటింగ్ పూర్తయ్యేదాకా వీడు కదలకూడదని పెట్టాను."

"తలుపు కొట్టలేదా?"

"కొట్టాడు. ఓ ఇరవై నిమిషాలు కొట్టాడు. టీవీ సౌండ్ పెంచాను."

రాజమ్మ ఏడుపు ఆపి అతని ముఖంలోకి చూసింది.

"తర్వాత?"

"తర్వాత చప్పుడు ఆగింది." భానుమూర్తి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "హమ్మయ్య, ఇప్పటికి పనిలో పడ్డాడు అనుకున్నాను."