పదిహేడో నంబరు కుటుంబం

శనివారం పొద్దున ఏడున్నరకి ఆ ఇంటి భోజనాల బల్ల మీద రొట్టెముక్క పెట్టుకోవడానికి కూడా చోటు లేదు. ఒక పక్కంతా పెద్దటీచరు సిద్ధాంత వ్యాసం, మూడువందల ఎనభై పేజీలు. రెండో పక్కంతా ఆవిడ కోడలి గాజుపెంకులు. మధ్యలో మూడు టీ కప్పులు బిక్కుబిక్కుమంటూ సర్దుకున్నాయి.

ముప్ఫైనాలుగేళ్ళు బడిలో పనిచేసి, అందులో పదేళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా పిల్లల్నీ టీచర్లనీ గడగడలాడించిన మనిషి రిటైరయ్యాక ఊరికే కూర్చుంటుందా? యాభైతొమ్మిదో ఏట పీహెచ్‌డీలో చేరింది. పిల్లల చదువులో ఇంట్లోవాళ్ళు ఎంత పాలుపంచుకుంటున్నారన్నది ఆవిడ పరిశోధన. నూటపన్నెండు ఇళ్ళు తిరిగి, తల్లినీ తండ్రినీ ప్రశ్నలడిగి, ఏ ఇల్లు బడితో ఎంత కలిసి నడుస్తోందో వందకి మార్కులేసే పద్ధతి ఒకటి తయారుచేసింది. వచ్చే గురువారమే వైవా. ఉత్తరాలు పంచే మనిషి కూడా ఆవిణ్ణి పెద్దటీచరనే పిలుస్తాడు.

కోడలిది మెటీరియల్ సైన్సు. వస్తువులు ఎందుకు పగులుతాయి, ఎక్కణ్ణుంచి పగులుతాయి అన్నది ఆమె పని. ఆ ఇంట్లో కప్పు పగిలితే చెత్తబుట్టలోకి పోదు, తేదీ రాసిన కవరులో కోడలి అలమరలోకి పోతుంది. బంధువులు కూడా అలవాటుపడిపోయి, పగిలిన గ్లాసులు పొట్లాం కట్టి మరీ తెచ్చిస్తారు. అత్తగారు ఆమెకి పెట్టిన ముద్దుపేరు పెంకుల డాక్టరు.

"అందరూ అతికించడానికి చదువుకుంటారు. మా ఇంటికి మాత్రం పగలగొట్టడానికి చదువుకున్న పిల్ల దొరికింది," అంది పెద్దటీచరు కళ్ళజోడు పైకి తోసుకుంటూ.

"నేను పగలగొట్టను అత్తయ్యా. పగిలాక పంచనామా చేస్తాను, అంతే," అంది కోడలు. "మీ పేజీలు కాస్త అటు జరపండి. నా ముక్క మీద కూర్చున్నాయి."

"నీ ముక్కే నా పేజీల కిందికి దూరింది!"

ఈ ఇద్దరికీ రాజీ కుదిర్చే కొడుకు ఆఫీసు పనిమీద ఊరెళ్ళి వారమైంది. ఆ బాధ్యత ఇప్పుడు మనవరాలి మీద పడింది. పెద్దటీచరు కూతురూ మనవరాలూ ముందురోజు సాయంత్రమే వచ్చారు. కూతురి కుడిచేతికి మణికట్టు దాకా కట్టు ఉంది. బాత్‌రూములో కాలు జారిందట, ఆపుకోబోతే చెయ్యి తగిలి తలుపు అద్దం పగిలిందట. తల్లి అయ్యో అంది, పాలు వేడిచేసి ఇచ్చింది, మళ్ళీ నాలుగో అధ్యాయంలో పడిపోయింది. తొమ్మిదేళ్ళ మనవరాలు మాత్రం ఒక రేకు డబ్బా పట్టుకుని అత్త కోసం పొద్దుటి నుంచీ కాచుకుని ఉంది. ఆ పిల్ల నోరు ఊరుకోదు గనక అందరూ పిచ్చుక అంటారు.

"అత్తా, నీకో బహుమతి తెచ్చా. మా బాత్‌రూము తలుపు అద్దం! నేను బడినించి వచ్చేసరికి పెరట్లో ఊడ్చిపోసి ఉంది. పటకారుతో ఏరి కాగితంలో చుట్టాను. చేత్తో అస్సలు ముట్టుకోలేదు, ఒట్టు."

"నా బంగారమే!" అని కోడలు ముక్కల్ని బల్ల మీద పరిచి ఒకదాని పక్కన ఒకటి పేర్చడం మొదలుపెట్టింది. ఒక వైపు నున్నగా, ఒక వైపు గరుకుగా ఉండే మామూలు తలుపు అద్దం. పిచ్చుకకి పాఠం చెబుతున్నట్టే మొదలైంది. "ఇదిగో, దెబ్బ ఇక్కడ తగిలింది. ఇక్కణ్ణుంచి పగుళ్ళు బయటికి పాకాయి. ఈ పగులు అంచు మీద విల్లులా వంగిన గీతలున్నాయి, చూశావా? అవి ఏ వైపుకి నిటారుగా దిగితే, దెబ్బ దానికి అవతలివైపు తగిలిందన్నమాట. ఈ గీతలు గరుకువైపుకి నిటారుగా ఉన్నాయి. అంటే దెబ్బ నున్నటివైపు..."

ఆమె భూతద్దం తీసి మరో మూడు ముక్కలు చూసింది.

"పిచ్చుకా, మీ తలుపుకి గరుకువైపు ఎటుంటుందే?"

"లోపలికి. స్నానం చేసేవైపు."

"నువ్వెళ్ళి మొక్కలకి నీళ్ళు పొయ్యమ్మా," అంది కోడలు. పిల్ల పెరట్లోకి వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించింది. "అత్తయ్యా, ఈ అద్దం లోపల్నుంచి పగల్లేదు. వదిన లోపలుంటే, ఎవరో బయట్నుంచి కొట్టారు. చేత్తో కూడా కాదు, ఏదో బరువైనదానితో."

పెద్దటీచరుకి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. "గాజుముక్కలు చూసి కాపురాలు చెబుతావా? అల్లుడెలాంటివాడో నీకు తెలీదా? నూటపన్నెండు మంది తండ్రుల్లో ఒక్క సమావేశం కూడా మానని తండ్రి అతనొక్కడే. పేరెంట్స్ కమిటీకి అధ్యక్షుడు. నా కొలతలో తొంభైఆరు మార్కులు!"

"మార్కుల సంగతి నాకు తెలీదు. దెబ్బ ఎటునుంచి తగిలిందో తెలుసు," అంది కోడలు. గుమ్మంలో వదిన నిలబడి ఉందని అప్పుడే చూసిందామె. వదిన కట్టుకట్టిన చేతిని కొంగు కిందికి లాక్కుంది.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. భార్యాబిడ్డల్ని తీసుకెళ్ళడానికి అల్లుడు వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, చేతిలో పూలగుత్తి.

"అత్తయ్యగారూ, ముందుగానే శుభాకాంక్షలు! గురువారం కమిటీ తరఫున నేనే వచ్చి మాట్లాడతాను. మీ పేరు మార్మోగిపోవాలి."

మామూలుగా అయితే ఆవిడ పొంగిపోయేది. ఈసారి పూలు బల్ల మీద పెట్టి కూతురివైపు తిరిగింది. "చెయ్యి నొప్పి పెడుతోందా అమ్మా?"

"లేదండీ, చాలావరకు తగ్గింది," అన్నాడు అల్లుడు.

"ఎలా జారావే అసలు?"

"నేల తడిగా ఉందండీ. ఎన్నిసార్లు చెప్పానో చూసుకు నడవమని."

"ఇంకో రెండ్రోజులు ఉంటావా?"

"ఉండదండీ. పిల్లకి సోమవారం పరీక్ష."

మూడు ప్రశ్నలూ కూతుర్ని అడిగినవే. మూడు జవాబులూ అల్లుడివి. నూటపన్నెండు ఇళ్ళల్లో పెన్ను పట్టుకు కూర్చున్న మనిషికి ఆ మాత్రం లెక్క తెలియకపోదు. ఆవిడ లేచి అలమరలోంచి ఒక ఫైలు తీసింది. పదిహేడో నంబరు కుటుంబం. పేర్లు రాయకూడదు గనక కూతురి సంసారానికి ఆ నంబరే పడింది.

నలభైరెండు ప్రశ్నలు. 'తండ్రి జవాబు' అన్న గడిలో గుండ్రటి చేతిరాత. 'తల్లి జవాబు' అన్న గడిలోనూ అదే గుండ్రటి చేతిరాత.

ఆ కాగితాలు నింపిన రోజు ఆవిడ కళ్ళకి కట్టింది. ఒకరు జవాబు చెప్పేటప్పుడు రెండోవారు గదిలో ఉండకూడదన్నది ఆవిడే పెట్టుకున్న నియమం. నూటపదకొండు ఇళ్ళల్లో పొల్లుపోకుండా పాటించింది. ఎండలో నిలబడి మరీ భర్తలు బయటికెళ్ళేదాకా ఆగింది. ఒక్క ఇంట్లో మాత్రం, తను నింపి పెడతానని అల్లుడు ముచ్చటపడితే, మనలో మనకి నియమాలేంటని కాగితాలు అతని చేతికిచ్చింది. అతను రాస్తుంటే కూతురు టీ పెట్టి తెచ్చింది. ఆ టీ బాగుందని ఆవిడ మెచ్చుకుంది కూడా.

"బాబూ, ఈ కాగితాలు మళ్ళీ నింపాలి. మీరు కాసేపు వరండాలో కూర్చోండి," అంది.

అల్లుడు నవ్వాడు. "అప్పుడే ఇచ్చేశాం కదండీ. అయినా మనలో మనకి నియమాలేంటి?"

"అప్పుడు నేనే అన్నాను ఆ మాట. తప్పు నాదే. కూర్చోండి."

"నా భార్యతో నేను వినకూడని మాటలేముంటాయి?" నవ్వు ఎప్పుడు పోయిందో తెలియలేదు. ఆ గొంతు పెద్దటీచరు ఎప్పుడూ వినలేదు. పక్కన కూతురు గోడకి ఆనుకుపోయింది. ఆ గొంతు ఆమెకి కొత్త కాదని తల్లికి అర్థమైపోయింది.

"వరండాలో కూర్చోమన్నాను," అంది ఆవిడ. అది అత్తగారి గొంతు కాదు, ప్రార్థన వేళ ఆరువందల మంది పిల్లల్ని ఒక్క మాటతో కూర్చోబెట్టిన హెడ్మిస్ట్రెస్ గొంతు. అల్లుడు వెళ్ళాడు. కోడలు తలుపు గడియపెట్టి, ఫోను చేతిలో పట్టుకుని తలుపుకి అడ్డంగా నిలబడింది.

పెద్దటీచరు కొత్త కాగితం తీసింది. "ఒకటో ప్రశ్న. మీరు బడి సమావేశాలకి వెళ్తారా?"

"వెళ్ళను."

"కారణం?"

కూతురు తలుపువైపు చూసింది. తల్లి పెన్ను కింద పెట్టేసింది. తొందరపెట్టలేదు.

"ఒకసారి వెళ్ళాను," అంది కూతురు చివరికి. "పిల్ల లెక్కల్లో వెనకబడిందని టీచరంటే, ఇంట్లో అరుపులకి చదవలేకపోతోందని అన్నాను. అంతే. ఇంటికొచ్చాక నా పక్కటెముక విరిగింది. మెట్లమీంచి పడ్డానని నీకు చెప్పా, గుర్తుందా? అప్పట్నుంచీ సమావేశాలకి ఆయనే వెళ్తారు. ఒక్కటీ మానరు. నేను మాట్లాడకుండా ఉండాలంటే ఆయన మానకూడదు కదా."

"మరి మొన్న?"

"గడియ పెట్టుకుని లోపల కూర్చున్నాను. ఇనప స్టూలుతో కొట్టారు. నా చెయ్యి గడియ మీదే ఉంది."

తొంభైఆరు మార్కులు. తనే వేసింది. పెద్దటీచరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "ఇంతమందిని అడిగానే తల్లీ, నిన్ను అడగలేదే!"

"అడిగావమ్మా," అంది కూతురు. "ఆయన్ని పక్కన కూర్చోబెట్టి అడిగావు."

అంతకంటే పెద్ద దెబ్బ ఆవిడ జన్మలో తినలేదు. లేచి కూతుర్ని గుండెకి హత్తుకుంది. బయట తలుపు దబదబా మోగింది. ఎంతసేపు, పిల్లని పిలవండి, ఇంటికి పోవాలి అంటున్నాడు అల్లుడు. పెద్దటీచరు కళ్ళు తుడుచుకుని, తలుపు బారెడు తెరిచింది.

"వాళ్ళు రారు. నా కూతురి జవాబులు నా చేత్తో రాసుకున్నాను. అవి పట్టుకుని ఎక్కడికెళ్ళాలో అక్కడికి వెళ్తున్నాం."

"ఆలోచించుకోండి అత్తయ్యగారూ. గురువారం ఆ కాగితాలు నేనే నింపానని నోరు విప్పితే మీ మూడేళ్ళ చదువు బూడిదైపోతుంది."

"అన్నయ్యగారూ, పోలీసులు లైనులోనే ఉన్నారు. ఇప్పుడన్నది వాళ్ళు కూడా విన్నారు," అంది వెనకనించి కోడలు. "ఇంకేమైనా చెబుతారా?"

ఎదురింటావిడ గేటు దాకా వచ్చి చూస్తోంది. అల్లుడు చెప్పుల్లో కాళ్ళు సరిగ్గా దూర్చకుండానే వెళ్ళిపోయాడు.

సోమవారం పెద్దటీచరు తనంతట తనే యూనివర్సిటీకి వెళ్ళి వైవా ఆపించింది. ఆవిడ గైడు తల పట్టుకున్నాడు. "ఒక్క కుటుంబాన్ని తీసెయ్యండి మేడమ్. నూటపదకొండు మిగుల్తాయి. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుసు కదండీ," అంది ఆవిడ.

ఇంటికొచ్చి ఎక్కువ మార్కులొచ్చిన ముప్ఫై కుటుంబాల కాగితాలూ మళ్ళీ చదివింది. ఇరవైమూడు మంది తల్లులు ఒకే మాట చెప్పారు: 'మా ఇంట్లో అన్నీ ఆయనే చూసుకుంటారు.' అప్పట్లో అది మెప్పు అనుకుంది. ఇప్పుడు ఆ ఇరవైమూడు ఇళ్ళకీ మళ్ళీ వెళ్ళింది. భర్తలు లేని వేళ చూసుకుని, ఒక్క ప్రశ్న అడిగింది: 'ఆయనకి చెప్పకుండా మీరు బడికి వెళ్ళగలరా?' పద్నాలుగు మంది నవ్వి, ఎందుకెళ్ళలేమన్నారు. తొమ్మిది మంది ముందు వీధివైపు చూశారు.

ఎనిమిది నెలలు. అత్తాకోడళ్ళు బల్లమీద పోట్లాట మానలేదు గానీ, రాసిన ప్రతి పేజీ ముందు కోడలే చదివేది. 'ఇది బలంగా ఉందని మీరెలా అంటారు? ఏ వైపునుంచి కొట్టి చూశారు?' అని అంచుల్లో రాసేది. పెద్దటీచరు మూతి ముడుచుకునేది, మర్నాటికి దిద్దేది. కూతురికి కోర్టు రక్షణ ఉత్తర్వు ఇచ్చింది. బడి వాళ్ళు కమిటీ అధ్యక్షుణ్ణి మార్చారు. పిచ్చుకకి లెక్కల్లో మంచి మార్కులు రావడానికి మాత్రం ఎవరి ఉత్తర్వూ అక్కర్లేకపోయింది.

వైవా రోజు హాలు నిండిపోయింది. పరీక్షకురాలు గృహహింస మీద పాతికేళ్ళుగా పనిచేస్తున్న ప్రొఫెసరు. నవ్వడం ఎరగదని పేరు.

"మీ కొలమానం తప్పని మీరే రాశారు. తండ్రి హాజరుని పాల్గొనడం అనుకున్నాను, అది కాపలా కూడా కావచ్చు అని," అందావిడ. "ఈ తప్పు ఎవరు పట్టుకున్నారు?"

"మా కోడలండీ," అంది పెద్దటీచరు. మూడో వరసలో పెంకుల డాక్టరు తల వంచుకుని కళ్ళు ఒత్తుకుంది. "పదిహేడో నంబరు కుటుంబం దగ్గర నేను నా నియమం తప్పాను. మనవాళ్ళే కదా అనుకున్నాను. ఆ తల్లి అనుమతితోనే ఈ మాట చెబుతున్నాను. నా వ్యాసంలో బాగున్నదంతా ఆ తప్పు తెలిశాక రాసిందే."

ప్రొఫెసరు కాగితాలు మూసింది. "నేను చదివిన వ్యాసాల్లో, తన తప్పు మీద ఇంత మంచి అధ్యాయం రాసినవాళ్ళు లేరు. డాక్టరేట్‌కి సిఫారసు చేస్తున్నాను," అని, నిజంగానే నవ్వింది. హాలంతా చప్పట్లు మోగాయి. పిచ్చుక కుర్చీ ఎక్కి మరీ కొట్టింది.

"సభలో ఎవరికైనా ప్రశ్నలున్నాయా?" అని ఆనవాయితీగా అడిగాడు వైవా సభాధ్యక్షుడు, ఎవరూ అడగరన్న ధీమాతో.

ఒక చెయ్యి లేచింది. అరచేతి మీద తెల్లటి మచ్చలు. పెద్దటీచరు కూతురు లేచి నిలబడింది. అంతమంది ముఖాలు తనవైపు తిరిగేసరికి ముందు కుర్చీ అంచు పట్టుకుంది.

"మాట్లాడని తల్లి బడికొస్తే, టీచరు ఏం చెయ్యాలండీ?"

"ఆమెని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి," అంది పెద్దటీచరు. కళ్ళనీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. "జవాబు వచ్చేదాకా కదలకూడదు. నేను ఆలస్యంగా కూర్చున్నాను. ఇంకెవరూ ఆలస్యం చెయ్యకూడదనే ఇది రాశాను."

కూతురు కూర్చోలేదు. "నాకింకో ప్రశ్న ఉందండీ," అంది.

సభాధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. "సమయం అయిపోయిందమ్మా."

"అడగనివ్వండి సార్," అంది పెద్దటీచరు, మైకు దగ్గరికి లాక్కుంటూ. "ఆవిడ ఎన్ని అడిగినా నేను ఇక్కడే ఉంటాను."