ఇచ్చేసిన శ్రుతి

ఈస్టరు ముందు రోజు సాయంత్రం మా రేపల్లె సమాధుల తోటలో తిరునాళ్ళంత సందడి ఉంటుంది. ఎవరి సమాధి దగ్గర వాళ్ళు గడ్డి పీకుతూ, సున్నం వేస్తూ, పక్క సమాధి వాళ్ళతో పెళ్ళి సంబంధాల కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. మా అత్తయ్య మాణిక్యమ్మ మామయ్యగారి సమాధిని కొబ్బరి పీచుతో రుద్ది కడుగుతోంది. నా కూతురు సింధు నిరుటి కొవ్వొత్తుల మైనాన్ని చెంచాతో గీకుతోంది. నేను సిలువకు సున్నం వేస్తున్నాను. చుట్టూ ఇన్ని మాటలు. వాటన్నిటి మీదా నాకొక్కదానికే వినపడే మోత... గుయ్‌మని, ఆగకుండా.

అది నా చెవుల్లోది.

నేను పాడి బతికేదాన్ని. ఆదివారాలు చర్చిలో పాటల బృందాన్ని, మా క్వయర్‌ని, నడిపిస్తాను, ముహూర్తాల రోజుల్లో ఆర్కెస్ట్రాతో రిసెప్షన్లకు వెళ్తాను. రెండేళ్ళ కిందట తెనాలిలో ఒక రిసెప్షన్. స్టేజీ ఇరుకని నన్ను తీసుకెళ్ళి నాకంటే ఎత్తున్న స్పీకర్ల పక్కన నిలబెట్టారు. పెళ్ళికొడుకు స్నేహితులు "సౌండు పెంచండి" అని అరుస్తూనే ఉన్నారు, వీళ్ళు పెంచుతూనే ఉన్నారు. ఇంటికొచ్చి పడుకుంటే చెవుల్లో గుయ్‌మంది. తెల్లారేసరికి తగ్గుతుందిలే అనుకున్నాను. ఎన్నిసార్లు తెల్లారినా తగ్గలేదు.

తెనాలిలోనే చెవుల డాక్టరుగారికి చూపించుకున్నాను. "దీన్ని పోగొట్టే మందు లేదమ్మా. ఉన్న వినికిడినైనా కాపాడుకోండి. పాడేటప్పుడు ఇయర్ ప్లగ్స్ పెట్టుకోండి," అన్నారాయన. పెట్టుకుని స్టేజీ ఎక్కితే మావాళ్ళకు నవ్వులాట అయిపోయింది. "ఏంటక్కా, నీ పాట నువ్వే వినలేకపోతున్నావా?" అన్నాడు బెన్నీ. వాడు చర్చిలో మా క్వయర్‌లో పాడతాడు, ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయిస్తాడు. నీకూ ఒక రోజు వస్తుందిలే, అప్పుడు నేను నవ్వుతాను అనుకునేదాన్ని. మనిషి కడుపుమంటలో ఏమేమో అనుకుంటుంది.

నవ్వితే నవ్వారు, నా ఏడుపు అది కాదు. ఆ మోతది ఒకే స్వరం. రెండేళ్ళలో వెంట్రుకవాసి కదల్లేదు. నేను సన్నగా పాడితే నా గొంతు దాని కింద మునిగిపోతుంది. శ్రుతిలో ఉన్నానో తప్పానో ఎదుటివాళ్ళ మొహాలు చూసి తెలుసుకోవాలి. పాట తప్ప ఇంకేమీ రానిదాన్ని, అది కూడా పోతే నేనేం కావాలి? రాత్రుళ్ళు ఫ్యాను ఎంత పెంచినా నిద్రపట్టేది కాదు. బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని, ఆ నీళ్ళ చప్పుడులో ఏడ్చేదాన్ని. తల గోడకేసి కొట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి.

ఆ సాయంత్రం సిలువకు సున్నం వేస్తూ మనసులో కాదు, పైకే అనేశాను. "ప్రభువా, ఇంక నావల్ల కాదు. దీన్ని తీసేయ్. ఎవరికైనా ఇచ్చేయ్." సున్నం పడి వేళ్ళు మండుతున్నాయి. సింధు చెంచా ఆపి నా వైపు చూసింది, మళ్ళీ గీకడం మొదలుపెట్టింది.

తెల్లవారుజామున మళ్ళీ అక్కడికే వచ్చాం. ఈస్టరు ఆరాధన మాకు సమాధుల తోటలోనే మొదలవుతుంది. ఇంకా చీకటిగానే ఉంది. ప్రతి సమాధి మీదా కొవ్వొత్తులు. తడి సున్నం వాసన, కరిగే మైనం వాసన, ఆడవాళ్ళ తలల్లో మల్లెల వాసన కలిసిపోయి గొంతు పట్టేస్తున్నాయి. ఆకు కదలడం లేదు. కాలువ వైపు నుంచి పల్చగా పొగమంచు వచ్చి సమాధుల మధ్య ఆగింది.

మా క్వయర్ బారుగా నిలబడింది. ఈ చివర బెన్నీ, వాడి పక్కన మార్కు, తర్వాత కరుణ, ఆ తర్వాత మిగతావాళ్ళు, ఆ చివర పిల్లలు. అందరికన్నా చివర సింధు. వాళ్ళకు ఎదురుగా నేను. నా వెనక కీబోర్డు దగ్గర మా ఆయన ప్రతాప్. ఆయన బాపట్లలో ఆఫీసు ఉద్యోగం చేస్తారు, పండగలకు మాత్రం కీబోర్డు వాయిస్తారు.

పాస్టరు అయ్యగారు ప్రార్థన మధ్యలో ఉండగా జెనరేటరు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. లైట్లు, మైకు, కీబోర్డు... అన్నీ పోయాయి. అయ్యగారు గొంతు పెంచి ప్రార్థన ముగించారు. ఇక మా పాట.

"సుజనా," ప్రతాప్ గుసగుసగా అన్నారు. "ఇది మోగదు. నువ్వే శ్రుతి ఇవ్వు."

శ్రుతి ఇవ్వడం పెద్ద విద్యేమీ కాదు. వాయిద్యం లేనప్పుడు ఒకరు మొదటి స్వరం నోరు మూసుకుని పలుకుతారు, అందరూ దాన్ని అందుకుంటారు. నేను వేలసార్లు ఇచ్చాను. కానీ ఆ రోజు స్వరం కోసం లోపల వెతుక్కుంటే దొరకలేదు. చెవుల్లో మోత తప్ప ఏమీ లేదు. జనం కదులుతున్నారు, దగ్గుతున్నారు. బెన్నీ కనుబొమ్మలెగరేశాడు. నాకు ఏడుపొచ్చింది, ఒళ్ళు మండింది కూడా. సరే, రెండేళ్ళుగా తప్పని స్వరం ఒకటి నా దగ్గర ఉందిగా అనుకున్నాను. చెవిలో ఉన్నదాన్నే పట్టుకుని, నా గొంతుకు అందేంత కిందికి దించి, పలికాను.

"మ్‌మ్‌మ్..."

అందరూ అందుకున్నారు.

నా చెవులు... ఆగిపోయాయి.

ఎలా చెప్పను? కొవ్వొత్తి చిటపట వినిపించింది. వెనక అత్తయ్య చెంగు సర్దుకున్న చప్పుడు వినిపించింది. ఆ చివర సింధు మింగిన గుటక కూడా వినిపించింది. రెండేళ్ళ తర్వాత నా గొంతు నేను విన్నాను. ఇంకా బాగానే ఉంది. కన్నీళ్ళు కారిపోతుంటే తుడుచుకోకుండా పాట మొత్తం పాడించాను. అంత సంతోషం నాకు పెళ్ళినాడు లేదు, పిల్ల పుట్టిననాడు లేదు.

పాట అయిపోయింది. ముగింపుగా చెయ్యి దించాను.

బెన్నీ ఆపలేదు.

శ్రుతి స్వరాన్ని అలాగే పట్టుకుని ఉన్నాడు. గొప్పలకు పోతున్నాడనుకుని మళ్ళీ చెయ్యి దించాను. ఆపలేదు. వెనక ఎవరో "ఎంత దమ్ముందో చూడు" అని మెచ్చుకున్నారు. నేను దగ్గరికెళ్ళి చూశాను. వాడి కళ్ళు బెదిరిపోయి ఉన్నాయి. మెడ నరాలు ఉబ్బాయి. నోరు మూయాలని చూస్తున్నాడు... మూతపడటం లేదు. బెన్నీది గరుకు గొంతు. వాడి నోట్లోంచి వస్తున్నది సన్నగా, నున్నగా ఉంది. ఆడదో మగవాడో తెలియడం లేదు.

"బెన్నీ... ఏంట్రా?"

ఠక్కున ఆగాడు. అదే క్షణాన పక్కన మార్కు నోరు తెరుచుకుంది.

అదే స్వరం. అదే గొంతు.

బెన్నీ మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "పోయింది అక్కా... చెవుల్లో గుయ్‌మంది... తల పగిలిపోయిందనుకున్నా... పోయింది..." అంటూ నేలను పట్టుకుని రొప్పుతున్నాడు.

గుయ్‌మంది. అది నాది. నేనే ఇచ్చాను.

మార్కు ఆగాడు. కరుణ మొదలుపెట్టింది. అదే గొంతు... మార్కుది బండగొంతు, కరుణది తీగలాంటి గొంతు, అయినా అదే. కరుణ రెండు చేతులతో నోరు మూసుకుంది. వేళ్ళ సందుల్లోంచి వస్తూనే ఉంది. కరుణ నుంచి పక్కమ్మాయికి. అక్కడి నుంచి ఆ పక్కకు. గాలి లేదు. అయినా వాళ్ళ వెనక సమాధుల మీద దీపాలన్నీ బారు వైపు వంగాయి, చెవి ఒగ్గినట్టు. నాకు మాత్రం మోత లేదు. ఆ తోటలో నా చెవులొక్కటే హాయిగా ఉన్నాయి.

అది బారు చివరికి వెళ్తోంది.

సింధు పక్కన ఇంకెవరూ లేరు.

పరుగెత్తాను. సమాధి గట్టు తగిలి పడ్డాను. మోకాలు చీరుకుపోయింది. లేచాను. పిల్లలు ఒక్కొక్కరే... నోరు తెరుస్తున్నారు, మూస్తున్నారు... ఇంకొకరు... ఇంకొకరు...

చేరేసరికి ఆ స్వరం ఆగిపోయింది.

సింధు నోరు తెరవలేదు. పెదాలు రెండూ బిగించి, చేతులు పిడికిళ్ళు కట్టి నిలబడింది. కళ్ళనిండా నీళ్ళు. ముక్కుతో ఊపిరి పీలుస్తోంది, గబగబా.

"తల్లీ... నాకిచ్చేయ్."

తల అడ్డంగా ఊపింది.

"అది నాదమ్మా. ఒక్కసారి మ్‌ అను. చాలు. నేను అందుకుంటాను."

మళ్ళీ అడ్డంగా ఊపింది. తర్వాత నా మెడ చుట్టూ చేతులేసి, చెవిలో గుసగుసగా చెప్పింది.

"వద్దమ్మా. నీకొస్తే నువ్వు కుళాయి తిప్పుకుని ఏడుస్తావు."

అంతలో తూర్పున తెలుపు వచ్చింది. అదంతా పాటలో భాగమేననుకున్న జనం ఒకరి చేతులొకరు పట్టుకుని పండగ శుభాకాంక్షలు చెప్పుకున్నారు. టీలు, బన్నులు వచ్చాయి. కరుణ గొంతు పట్టేసిందంటూ టీ ఊదుకుని తాగింది. మార్కుకు ఏమీ సరిగా గుర్తు లేదు. బెన్నీ ఒక్కడే నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఇయర్ ప్లగ్స్ లేకుండా వాడు డ్రమ్స్ ముందు కూర్చోలేదు.

ఇంటికొచ్చాక ప్రతాప్‌కు చెబితే, "పిల్లకేం కాలేదు సుజనా. రెండేళ్ళుగా నిద్ర లేదు నీకు, అందుకే ఇలా," అన్నారు. తెనాలి డాక్టరుగారు సింధుకు పరీక్ష చేసి ఏ లోపమూ లేదన్నారు. నా చెవులు చూసి ఆశ్చర్యపోయారు. "చిన్నపిల్లల చెవుల్లా ఉన్నాయమ్మా! ఏం చేశారు?" అన్నారు. ఏం చెప్పమంటారు?

ఆ మోత మళ్ళీ తెచ్చుకోవాలని చెయ్యని పని లేదు. బాపట్ల దగ్గర ఒక ఊరేగింపులో ప్లగ్స్ తీసి పారేసి, డీజే బండి స్పీకరుకు చెవి ఆనించి నడిచాను. మత్తెక్కిందనుకుని కుర్రాళ్ళు నవ్వారు. ఇంకా పెంచమని బతిమాలాను. గుండె అదిరింది, పళ్ళు అదిరాయి. ఇంటికొచ్చి పడుకుంటే గోడ మీద బల్లి నడిచే చప్పుడు కూడా తేటగా వినపడింది. నాకు రాదు. నేను ఇచ్చేశాను కదా.

సింధు బడికి వెళ్తోంది, అన్నం తింటోంది, నానమ్మతో పోట్లాడుతోంది. పాడటం లేదు. కూనిరాగం కూడా లేదు. ఆవలింత వచ్చినా చేత్తో నోరు నొక్కుకుంటుంది. రాత్రుళ్ళు దాని మంచం పక్కన కూర్చుని, "ఇచ్చేయవే, నీ కాళ్ళు పట్టుకుంటాను," అని అడుగుతాను. కన్నకూతురి కాళ్ళు నిజంగానే పట్టుకున్నాను. అటు తిరిగి పడుకుంటుంది.

మొన్న జడ వేస్తూ అడిగాను. "ఇంకా గుయ్‌మంటోందా?"

"లేదమ్మా. ఇప్పుడు మాట్లాడుకుంటున్నారు."

దువ్వెన ఆగిపోయింది. "ఎవరు?"

"తెలీదు. చాలామంది." వింటున్నట్టు తల వంచింది. "ఏ పాట పాడాలో తేల్చుకుంటున్నారు."

ఈ మధ్యాహ్నం కరెంటు పోయింది. ఫ్యాను ఆగినా సింధు నిద్ర లేవలేదు. పక్కన పడుకుని దాని చెవికి నా చెవి ఆనించాను. మోత ఉంటే అదైనా నాలోకి దూకుతుందేమోనని ఆశ. నా చెవులిప్పుడు చీమ నడిచినా వింటాయి.

మోత లేదు. మాటలూ లేవు.

ఎంతో లోపలి నుంచి... ఒక్కసారిగా... వందలమంది ఊపిరి పీల్చారు. పాట ఎత్తుకునే ముందు అందరం కలిసి పీలుస్తామే, అలా.

ఇప్పటికీ చెవి తీయకుండా అలాగే పడుకుని ఉన్నాను. వాళ్ళు ఇంకా ఊపిరి వదల్లేదు.